వైన్స్‌లో దొరకని వైను

మన ఊళ్లలో 'వైన్స్' అని బోర్డు పెట్టిన అంగడికి పోయి ఒకసారి వైను అడిగి చూడండి. అంగడివాడు మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. బ్రాందీ ఉంటుంది, విస్కీ ఉంటుంది, నోరు తిరగని పేర్లున్న రమ్ములుంటాయి, నీళ్ల ప్యాకెట్లు, ఉడకబెట్టిన గుడ్లు, కారం చల్లిన శనగలు కూడా ఉంటాయి. వైను మాత్రం ఉండదు. పేరు దానిది, సరుకు ఇంకొకదానిది. ఈ ఒక్క మాట వల్ల మా ఇంట్లో తండ్రికీ కూతురికీ ఏడాదికి పైగా మాటల్లేకుండా పోయాయి. ఆ బోర్డులు రాసిన మహానుభావుడు ఎవడోగానీ, దొరికితే నాలుగు దులిపి పంపుదామని నా కోరిక.

మా పాప హోటల్ చదువు చదివి బెంగళూరులో ఒక పెద్ద హోటల్లో ఉద్యోగంలో చేరింది. భోజనానికి వచ్చినవాళ్లకు ఏ కూరకు ఏ వైను బాగుంటుందో చెప్పి, సీసా తెరిచి, గ్లాసుల్లో పోసే పని. ఆ పని వచ్చిన రోజు ఫోన్ చేసి, "మా, నన్ను వైన్ సెక్షన్‌లో ఏసినారు" అని సంబరంగా చెప్పింది. నాకు నోట్లో నువ్వుగింజ నానదు. పక్కింటామె అడిగితే అదే మాట చెప్పేశాను. పొద్దుగూకేసరికి ఊరంతా ఒకటే పాట: టీచరమ్మ కూతురు బెంగళూరులో వైన్స్‌లో చేరిందంట!

మా ఇంటాయన ఆ సాయంత్రం టీ అంగడి దగ్గర కూర్చుంటే ఒక పెద్దమనిషి, "ఏమప్పా, మీ పాప వైన్స్‌లో ఉండాదంటనే, మాకేమన్నా తక్కువకు ఇప్పిస్తాదా?" అన్నాడట. ఆయన టీ తాగకుండానే లేచి వచ్చేశాడు. ఇంటికొచ్చి చెప్పులు విడిచిన తీరు చూసి, ఏదో అయిందని నాకు అర్థమైంది.

మామూలుగా అయితే ఆయన ఊళ్లోవాళ్ల మాటలు చెవిన పెట్టే మనిషి కాదు. కానీ ఈ మాట వేరు. ఆయనకు ఒక్కడే తమ్ముడు. తల్లి చిన్నప్పుడే పోతే తనే ఎత్తుకుని పెంచాడు. ఆ తమ్ముడు తాగుడుకు బలైపోయాడు. అప్పటినుంచి ఆయన పక్కనున్న వేంపల్లె పోవాలన్నా వైన్స్ ముందర నుంచి పోడు, చుట్టు తిరిగి పోతాడు. అట్లాంటి మనిషికి కూతురు అదే పేరున్న పనిలో చేరిందంటే కడుపు మండదా? మండింది. ఫోన్ తీసుకుని పాపతో రెండే ముక్కలు మాట్లాడాడు.

"ఆ పని ఇడిసిపెట్టు. ఇడిసిపెట్టకపోతే నాతో మాట్లాడాకు."

"ఇడిసిపెట్టను నాయనా. నువ్వనుకునే పని కాదిది" అంది పాప.

తండ్రి మొండి అయితే కూతురు జగమొండి. అయిపోయింది. ఆనాటి నుంచి ఫోన్ మోగితే ఆయన నా చేతికిచ్చి పక్కకు పోతాడు. పోయి ఎంతో దూరం పోడు, తలుపు చాటునే నిలబడతాడు. నేను ఫోన్ పెట్టేయగానే, "ఏమంటాంది?" అంటాడు. "నువ్వే అడగొచ్చు కదా" అంటే, "నాకేం పని" అంటాడు. నేను ముప్పై ఏళ్లు చిన్నపిల్లలకు ఎక్కాలు చెప్పించి రిటైరైనదాన్ని. ఇట్లాంటి మొండిపిల్లలు నా బడిలో కూడా ఎప్పుడూ తగల్లేదు.

పోయిన ఎండాకాలం పాప హోటల్ మెట్ల మీద జారి పడి కాలు విరగ్గొట్టుకుంది. ఫోన్ రాగానే ఆయన చొక్కా వేసుకుని, బాడుగకు కారు మాట్లాడుకుని, బెంగళూరు పోయి దాన్ని తీసుకొచ్చాడు. దారిపొడుగునా దానితో మాట్లాడలేదట. మధ్యలో కారాపి, "ఇడ్లీ తింటాదేమో అడుగు" అని డ్రైవర్‌తో అడిగించాడట. పాప నాకు ఇది చెప్పి పడీపడీ నవ్వింది. కట్టు కట్టిన కాలు కుర్చీ మీద పెట్టుకుని, నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

ఆ కాలు బాగయ్యేదాకా ఇంట్లోనే ఉండాలి. పాప తిరిగి పోగానే వైన్ పరీక్ష ఒకటి రాయాలి. ముందొకసారి రాసి తప్పింది. ఈసారి కూడా తప్పితే ఆ సెక్షన్ నుంచి తీసేస్తారు. దాన్ని ముంచింది ఇటలీ దేశమట. మా ఇంటి వసారాలో ఒక కొసన దాని మంచం. ఇంకో కొసన గోనెపట్ట మీద ఆయన. కార్తెకు విత్తనం సిద్ధం చేసుకోవాలి కదా, శనక్కాయలు ఒలుస్తూ కూర్చునేవాడు. ఇద్దరి మధ్యా నేను.

మన పిల్లలకు చదువంటే గట్టిగా చదవడమే కదా. మా పాపా అంతే. పొద్దున్నే పుస్తకం తెరిచి ఇంగ్లీషులో గడగడా మొదలుపెట్టేది. నాకు చిరాకెత్తింది. "అది కాదు పాపా, నువ్వేం చదువుతాండావో నీకన్నా తెలుస్తాందా? తెలుగులో చెప్పు. నేను అడుగుతా, నువ్వు అప్పజెప్పు. రెండో ఎక్కం అప్పజెప్పినట్ల" అన్నాను. అట్లా మా వసారాలో బరోలో అనే వైను బడి మొదలైంది.

బరోలో అనేది ఇటలీలో ఒక కొండ ఊరు. అక్కడా, దాని చుట్టుపక్కల కొండ ఊళ్లలోనూ చేసే ఎర్ర వైనుకు కూడా అదే పేరు. ఆ పేరు సీసా మీద వేసుకోవాలంటే చట్టముంది. ఒకే రకం ద్రాక్షతో చేయాలి, దాని పేరు నెబ్బియోలో. ఇంకో రకం చిటికెడు కూడా కలపకూడదు. ఆ తోటలు ఆ ఊళ్లలోనే ఉండాలి. చేసిన తర్వాత ముప్పై ఎనిమిది నెలలు ఆగాలి. అందులో సగానికి కాస్త తక్కువ కాలం కొయ్య పీపాల్లో ఉండాలి. అంతకు ముందే అమ్మితే అది వైను అవుతుందిగానీ బరోలో కాదు.

"ముప్పై ఎనిమిది నెలలా!" అన్నాను. నా పుట్టిల్లు ఆదోని దిక్కు. మా అమ్మ ఊరబెట్టిన నిమ్మకాయ ఏడాది దాటితే మందుకు దాచేది, కడుపునొప్పి వస్తేనే జాడీ మూత తీసేది. అట్లాంటి ఇంట్లో పుట్టిన నాకే ఇది ఎక్కువనిపించింది. "అన్ని నెలలు దాపెట్టుకుంటే వాళ్లకు దుడ్లు యాడనుంచి వస్తాయి?" అని అడిగాను. ఆ కొస నుంచి ఆయన, డబ్బుకు నేననే ఆ 'దుడ్లు' విన్నప్పుడల్లా నవ్వే అలవాటు కొద్దీ ముసిముసిగా నవ్వాడు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఆ మాటకు ఆయన నవ్వు తగ్గలేదు. ఆ నవ్వు చూసి నేను లోపల లోపల సంతోషించాను. వింటున్నాడన్నమాట!

రెండో రోజో మూడో రోజో పాప తోటల రూల్సు అప్పజెబుతోంది. "కొండ వాలులోనే నాటాలి. చదును నేల పనికిరాదు. లోయలో, తేమ నేలలో పనికిరాదు. ఉత్తరం దిక్కుకు వాలిన నేల అసలు పనికిరాదు."

టక్కున శనక్కాయల చప్పుడు ఆగిపోయింది.

"ఏమే" అన్నాడాయన నాతో. "ఉత్తరం పనికిరాదంటనా?"

పాప ఆయనకు నాలుగు బారల దూరంలో ఉంది. అయినా నేను పాపవైపు తిరిగి, "ఉత్తరం పనికిరాదా అని అడుగుతాండాడు" అన్నాను.

"పనికిరాదు మా. చట్టంలోనే ఉండాది."

"వాళ్లకు వాస్తు చెప్పినోడు ఎవడంట?" అన్నాడు ఆయన, నన్నే చూస్తూ. "ఉత్తరం పల్లముంటే కదా ఇంట్లో లక్ష్మి నిలిచేది! మన చేను నేను ఎందుకు కొన్న్యా? ఉత్తరానికి వాలుంటే కదా కొన్న్యా! పడమర పల్లమున్న చేను సగం ధరకిస్తామన్నా కొనల్యా. అడుగు దాన్ని!"

నేను అడిగేలోపే పాపకు నవ్వాగలేదు. పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత నాతో చెప్పింది, ఆయనకు వినబడేట్టు. అక్కడ చలి ఎక్కువట. ఉత్తరం వాలులో ఎండ సరిగ్గా పడదట. ఎండ పడకపోతే ఆ ద్రాక్ష పండదట. అందుకని ఎండ ఎక్కువ దొరికే వాలు చూసుకుని నాటుకుంటారట.

ఆయన చేతిలో శనక్కాయ అట్లనే ఉండిపోయింది. బయట వీధిలో ఎండ పెనం మీది రొట్టెలాగా నేలను కాలుస్తోంది. గనికి పోయే తుమ్మలపల్లె బస్సు దుమ్ము లేపుకుంటూ పోయింది. ఆయన ఆ ఎండను చూశాడు, నన్ను చూశాడు.

"ఎండ కావల్లని ఎతుక్కునేటోళ్లు కూడా ఉండారా ఈ లోకంలో!" అన్నాడు. "దానికి చెప్పు, మన మే నెలను మూటగట్టి పంపిస్తాం, తీసుకోమను. ఊరికే ఇస్తాం."

ఇక ఆ రోజు నుంచి ఆయన కాయలు ఒలిచే చోటు రోజుకింత జరుగుతూ వచ్చింది. నీడ కోసం జరుగుతున్నానని చెప్పాడు. వసారా పొడుగునా నీడే ఉంది, ఆయన జరిగింది పాప మంచం వైపు. నేనేమీ అనలేదు. పిల్లికి పాలు పోసి పక్కకు తప్పుకోవాలి, చూస్తూ నిలబడితే తాగదు.

నీళ్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయనకు నవ్వు పోయింది. ఆ దేశంలో పేరున్న తోటలకు మామూలుగా నీళ్లు కట్టరట. వానకు ఎంత పండితే అంత. మరీ కరువొస్తే, చెట్టు చచ్చిపోయేట్టుంటే, అప్పుడు మాత్రం కాసిని పెట్టనిస్తారట. ఆ మాటను తెలుగులో చెప్పడానికి పాప తంటాలు పడుతోంది. "అత్యవసర... అత్యవసర నీటి సరఫరా..." అంటూ.

"రక్షక తడి" అన్నాడు ఆయన, స్తంభం వైపు చూస్తూ.

పాప తలెత్తింది.

"రక్షక తడి అంటారు దాన్ని. పంట చచ్చిపోతాంటే పానం నిలిచేదానికి ఒక తడి పెడతాం చూడు, అది. వాళ్లకూ ఆ మాట ఉండాదన్నమాట. మన మాదిరే."

ఆ మాట నాతో అన్నాడో, స్తంభంతో అన్నాడో తెలియదుగానీ, పాప పుస్తకంలో ఆ పక్కనే పెన్సిలుతో రాసుకుంది. రాసుకుంటుంటే ఆయన ఓరగా చూశాడు. తర్వాత పాప నన్నే చూస్తూ, "మా, నాయనను అడుగు. నీళ్లు తక్కువైతే పండు ఎందుకు బాగుంటాదో పుస్తకంలో రాసినారుగానీ నాకు తలకెక్కడం లేదు" అంది. చూశారా, అదీ నన్ను తపాలా పెట్టె చేసేసింది.

"చీనీతోట వాడబెట్టేది చూడలేదంటనా అది?" అన్నాడు ఆయన. మాకు కొంచెం చీనీతోట, అంటే బత్తాయితోట, ఉంది. పూత కావాలనుకున్నప్పుడు రైతు చెట్లకు నీళ్లు ఆపేస్తాడు. ఆకులు వాడి, ముడుచుకుని, రాలడానికి సిద్ధమవుతాయి. అప్పుడు నీళ్లు వదిలితే చెట్టు నిండా పూత. దాన్నే తోట వాడబెట్టడం అంటారు. "ఊకే నీళ్లు తాగే చెట్టు ఆకులేసుకోని సుఖంగా ఉంటాది. దానికి కాయతో ఏం పని? సచ్చిపోతానేమో అని ఒగ భయం పుట్టల్ల. అప్పుడు కాయ మింద ప్రేమ పుడతాది. నీళ్లు ఎక్కువైతే కాయ లావుగా ఉంటాది, పిండితే నీళ్లే. చెప్పు దానికి."

"చెప్పు ఆయనకు, అర్థమైందని" అంది పాప.

అప్పుడు నాకు తిక్క లేచింది. వంటింట్లో పప్పు మాడుతోంది. ఇక్కడ వీళ్లిద్దరికీ నేను టెలిఫోన్ తీగ. లేచి నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏమప్పా, మీ ఇద్దరికీ నోళ్లు పడిపోయినాయా? నేను చెప్పను పో! ఇంగ మీద నాతో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పించాకండి. తండ్రి పూజ తండ్రిది, కూతురు పూజ కూతురిది, మధ్యలో నాకెందుకు ఈ గంట కొట్టే పని?" అని లోపలికి పోయాను. కోపంగానే పోయాను, కానీ చెవులు వసారాలోనే పెట్టి పోయాను.

వాళ్లు మాట్లాడుకున్నారనుకున్నారా? ఎక్కడ! ఒకరు గోడకు చెప్తారు, ఒకరు పుస్తకానికి చెప్తారు. "ఈ పుస్తకంలో ఇంకో రూలుండాది. చెట్లను బలవంతంగా పెంచే పద్ధతులు ఏవీ వాడకూడదంట" అని పాప పుస్తకంతో అంటుంది. "మంచిదే. మందులేసి ఉబ్బించిన కాయ ఎవరికి కావల్ల" అని ఆయన గోడతో అంటాడు. నేను పొయ్యి దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుకున్నాను. నవ్వు వచ్చింది, బాధ కూడా వేసింది. ఇంత ఇష్టం పెట్టుకుని ఇంత బింకమా అని. ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట నేరుగా మాట్లాడితే వీళ్ల సొమ్మేం పోతుంది? ఇంకొన్నాళ్లకు కట్టు విప్పేస్తారు, అది వెళ్లిపోతుంది. ఇట్లనే వెళ్లిపోతే ఇక ఈ మౌనం గడ్డకట్టిపోతుందని నాకు భయం పట్టుకుంది.

కట్టు విప్పడానికి ముందురోజు సాయంత్రం. పాప బరోలో మొత్తం మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి అప్పజెప్పుకుంది. ఎవరూ అడగలేదు, తనంతట తనే. ఏ ఊళ్లు, ఏ వాలు, ఏ పండు, ఎకరాకు ఎంతకు మించి కోయకూడదు, ఎన్ని నెలలు, ఎంత కాలం కొయ్యలో, సీసా మీద ఏం రాయాలి, ఏం రాయకూడదు. ఒక్కచోట తడబడలేదు. ఒలిచిన గింజలు చేటలో పోసి చెరుగుతూ నేనూ అక్కడే కూర్చున్నాను. ఆయన కాయలు ఒలవడం ఆపి, చివరిదాకా విన్నాడు.

"అయిపోయిందా?" అన్నాడు.

నేను పలకలేదు. చెప్పనన్నాను కదా.

"ఇన్ని రూల్సు రాసినారు కదా" అన్నాడు ఆయన, ఎవరివైపూ చూడకుండా. "నాటేవానికి రూలుండాది. పండించేవానికి ఉండాది. పిండేవానికి, దాపెట్టేవానికి, అమ్మేవానికి, అందరికీ ఉండాది. అంతా బాగుండాది. తాగేవానికి ఏం రాసినారంట?"

నేను చేట కింద పెట్టాను.

పాప పుస్తకం మూసింది. తలెత్తి నేరుగా ఆయనను చూసి, "ఏమీ రాయలేదు నాయనా" అంది.

మా మరిది పోయింది ఒక వానాకాలం. ఆ రోజుల్లో వైన్స్ ఊరి బయటే ఉండేది, ఇంటికి అరమైలు కూడా లేదు. సాయంత్రం పోయినవాడు తిరిగి రాలేదు. తెల్లారి పాలవాళ్లు చూసి వచ్చి చెప్పారు, రోడ్డు పక్క గుంతలో బోర్లా పడి ఉన్నాడని. గుంతలో మోకాలి లోతు కూడా నీళ్లు లేవు. మా కరువు సీమలో నీళ్లలో పడి మనిషి పోయాడంటే ఎవరు నమ్ముతారు? ఆయన వాణ్ణి భుజం మీద వేసుకుని ఇంటికి తెచ్చాడు. చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పినట్టే. ఆ రోజు తర్వాత తమ్ముడి గురించి ఆయన నోటి నుంచి ఒక్క మాట నేను వినలేదు. నాతో కూడా చెప్పుకోలేదు.

ఇప్పుడు ఆయన మాట్లాడాడు. పాపవైపు తిరిగి, పాపతోనే మాట్లాడాడు.

"మీ చిన్నాయనను నేను కొట్టినా పాపా. బయటికి గెంటినా. అన్నం పెట్టొద్దని మీ అమ్మకు చెప్పినా. అంగడోని మింద కొట్లాటకు పోయినా. అన్నీ చేసినా. వాని పక్కన కూచోని, చెయ్యి పట్టుకోని, ఇంగ చాలు నాయనా, పోదాం పా అని ఒక్కనాడు చెప్పల్యా. అంగడోడు చెప్పడు. వానితో తాగేటోళ్లు చెప్పరు. నేను చెప్పాల్సింది. నాకు కోపం అడ్డమొచ్చె."

పాప ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను, దాచేదేముంది.

"మీకాడ ఎట్ల?" అన్నాడు మళ్లీ. "ఎక్కువైనోళ్లు వస్తారు కదా. వాళ్లకు చాలని ఎవరు చెప్తారు?"

"మేమే చెప్పల్ల నాయనా. పోసేవాళ్లే చెప్పల్ల" అంది పాప ముక్కు చీదుకుంటూ. "కానీ నేను ఎప్పుడూ చెప్పలేదు. వాళ్లు పెద్దపెద్దోళ్లు. కోపం చేసుకుంటారని భయం. మేనేజరును పిలిచి పక్కకు పోతా."

"చెప్పు" అన్నాడు ఆయన. "పని ఇడిసిపెట్టమని ఇంగ నేను అడగను. కానీ నువ్వు చెప్పు. మంచిగా చెప్పు, పక్కన నిలబడి చెప్పు. తిడితే తిట్టనీ."

"సరే నాయనా."

అంతే. ఆ రాత్రి ముగ్గురం ఒకే చోట కూర్చుని సంగటి, పప్పు తిన్నాం. "దానికి ఇంకొంచెం నెయ్యి వెయ్యి" అని నాతో అనబోయి, మధ్యలో ఆపి, గిన్నె తనే తీసుకుని వేశాడు. పాప వద్దంటున్నా వేశాడు. నేను నా కంచంలోకి చూస్తూ తిన్నాను.

పాప పరీక్ష పాసైంది. ద్రాక్షకు నీళ్లు ఎందుకు పెట్టరని అడిగిన ప్రశ్నకు పేజీ నిండా రాసిందట. చీనీతోట గురించి రాయలేదు కదా అని అడిగితే, "రాసింటే ఇంకా ఎక్కువ మార్కులు వచ్చేవి" అంది. ఊళ్లో దాని పని మాత్రం ఇప్పటికీ వైన్సే. టీ అంగడి దగ్గర ఎవరైనా వెటకారమాడితే ఆయన ఇప్పుడు లేచి రాడు. కూర్చోబెట్టి బరోలో రూల్సు మొత్తం చెప్తాడట. ఒకసారి విన్నవాడు రెండోసారి వెటకారమాడింది లేదు.

ఇప్పుడు ఫోన్ మోగితే ఆయనే తీస్తాడు. తిన్నావా, కాలు నొస్తాందా అని అడిగి, చివర్న ఒక మాట తప్పకుండా అడుగుతాడు. "ఎవరికన్నా చాలని చెప్పినావా?" చాలా రోజులు పాప, "లేదు నాయనా, అట్లాంటోళ్లు ఎవరూ రాలేదు" అంటూ వచ్చింది. ఆయనా సరేనని పెట్టేసేవాడు. అది నిజమే చెబుతోందో, భయపడుతోందో మాకు తెలియదు. మేము అడగలేదు.

మొన్న ఒక ఆదివారం పొద్దున పాప తనే ఫోన్ చేసింది. ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఉంది కాబట్టి నేనూ విన్నాను.

"నాయనా, నిన్న ఒకాయనకు చెప్పినా. నీ మాదిరి వయసుంటాది. ఇంగ చాలు సార్, నీళ్లు తాగండి అని పక్కన నిలబడి చెప్పినా. శానా తిట్టినాడు. గ్లాసు ఇసిరికొట్టినాడు. అయినా నేను పక్కకు పోలేదు. కారు తోలనియ్యలేదు. టాక్సీ పిలిపించి, చెయ్యి పట్టుకోని ఎక్కించి పంపించినా."

భేష్ అంటాడనుకున్నాను. నా కూతురివే అంటాడనుకున్నాను. పాప కూడా అదే మాట కోసం ఎదురుచూస్తున్నట్టుంది.

"ఇంటికి చేరినాడా?" అన్నాడు ఆయన.

"ఆ... ఏమో నాయనా, తెలీదు. టాక్సీ అయితే ఎక్కించినా."

"కనుక్కో."

"ఇప్పుడా? హోటల్లో అడగల్ల, వాళ్లు ఫోన్ చెయ్యల్ల..."

"అడుగు పాపా. చేరినాడో లేదో అడిగి చెప్పు. నేను ఈడనే కూచోనింటా."

పాప సరేనని పెట్టేసింది. ఆయన వసారాలో ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. టిఫిన్ తినమంటే వినలేదు. కాఫీ ఇస్తే పక్కన పెట్టాడు, మీగడ కట్టింది. చేనికి పోదామని వచ్చిన పాలేరును తర్వాత రమ్మని పంపేశాడు. ఆ మనిషెవరో, ఏ ఊరివాడో, ఆయనకు తెలియదు. జన్మలో చూడడు కూడా. నేనూ పక్కన కూర్చున్నాను.

ఎండ గడప దాకా వచ్చాక ఫోన్ మోగింది. ఆయన చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. ఊ, ఊ అన్నాడు. "సరే పాపా" అని పెట్టేశాడు. తర్వాత నావైపు తిరిగాడు. ముఖమంతా తడి.

"చేరినాడంట" అన్నాడు.